కొమ్మ మీదే కాపురం

డొంకరాయి జలాశయం చుట్టూ ఉన్న సీలేరు అడవుల్లో ఎంత తిరిగినా బొరియ తవ్వుకుని బతికే నేల ఉడుత కనిపించదు. ఉడుతల కుటుంబంలో దాదాపు 300 జాతులున్నాయి. వాటిలో నేల ఉడుతలు ఎక్కువగా ఉత్తర అమెరికా, మధ్య ఆసియా పచ్చిక బయళ్లలో ఉంటాయి. గింజలు, గడ్డి, పురుగులు తిని కొవ్వు పట్టి, చలికాలమంతా బొరియలో నిద్రపోతాయి. అలాస్కాలో ఉండే ఆర్కిటిక్ నేల ఉడుతకైతే ఆ నిద్రలో ఒంటి వేడి సున్నాకు దాదాపు 3 డిగ్రీలు కిందికి పోతుంది. వాటి దగ్గరి చుట్టాలైన మార్మట్లు మన దేశంలో హిమాలయాల్లోనే ఉన్నాయి.

నేల ఉడుత శత్రువును దూరం నుంచే పసిగట్టాలంటే బయలు కావాలి. మన్యంలో ఉన్నది దట్టమైన చెట్టు నీడ. ఇక్కడ తిండి పైనుంది కాబట్టి ఉడుతా పైనే ఉంది.

ఈ అడవికి అసలైన ఉడుత బెట్టుడుత. బరువు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, తోక ఒంటికంటే పొడుగు. మేత దగ్గర దాన్ని చూడాలి. వెనక కాళ్లతో కొమ్మను పట్టి ముందుకు వాలుతుంది. తల ఒకవైపు, తోక ఒకవైపు, అచ్చం కావడిలా తూగుతూ, ముందు కాళ్లతో పండును తిప్పుకుంటూ కొరుకుతుంది. పళ్లు, పూలు, గింజలు, చెట్టు బెరడు, అప్పుడప్పుడు పురుగులు, పక్షి గుడ్లు దాని ఆహారం. ఎత్తయిన కొమ్మల పంగల్లో పుల్లలు, ఆకులతో ఉండలాంటి గూళ్లు ఒకటికి మించి కడుతుంది. దాదాపు 6 మీటర్లు దూకగలదు. నేల మీదికి మాత్రం అరుదుగానే దిగుతుంది.

తూర్పు కనుమల్లో రాత్రిపూట తిరిగే ఎగిరే ఉడుత కూడా ఉంది. ముందు కాలికీ వెనక కాలికీ మధ్యనున్న చర్మాన్ని చాపి చెట్టు నుంచి చెట్టుకు తేలిపోతుంది. ఇళ్ల దగ్గర కనిపించే చారల ఉడుత సంగతి అందరికీ తెలిసిందే. నేల మీద ఆకులు కెలుకుతూ పురుగులు ఏరుకునే ఇంకో జంతువుంది. చూడగానే ఉడుతే అనుకుంటాం. కానీ మూతి బాగా కోసుగా ఉంటుంది, వీపు మీద చారలుండవు. అది మద్రాసు ట్రీ ష్రూ, ఉడుతలకు చుట్టమే కాదు. అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరే దాని శాస్త్రీయ నామంలో ఉంది.

బెట్టుడుతకు దారంటే ఒకదానికొకటి తగిలే కొమ్మలే. రోడ్డు కోసమో, కరెంటు లైను కోసమో, పోడు కోసమో వరుసగా చెట్లు పోతే ఆ దారి తెగుతుంది. ఇక అది నేల మీదికి దిగక తప్పదు. అక్కడ కుక్కలూ బండ్లూ ఉంటాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నిషేధించింది గానీ, తెగిన కొమ్మను అతికించలేదు. సీలేరు లోయలో ఏ పని తలపెట్టినా, రోడ్డుకు రెండువైపులా పైన కలిసే పెద్ద చెట్లను అటవీశాఖ, రోడ్లశాఖ ముందే గుర్తించి వదిలిపెట్టాలి.