మెదడు కంతులు - టెలొమిరేజు

హైదరాబాదులోని బంజారా హిల్సులో బసవతారకం ఇండో అమెరికన్ కాన్సర్ ఆసుపత్రి 2000వ సంవత్సరము జూన్ 22న ప్రారంభమైనది. దానికి చేరువనే పంజాగుట్టలో నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ ఉన్నది. ఇట్టి వైద్యశాలలలో రోగి మెదడునుండి కంతిని తీసిన పిమ్మట, దాని ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. కాని రూపమును బట్టి మాత్రమే కంతి స్వభావము తెలియదు. చూపునకు సాధువైనదే కొద్ది నెలలలో విజృంభింపవచ్చును. ఈ భేదమును తెలుపు గుర్తులలో ఒకటి టెలొమిరేజు అను ఎంజైమునకు సంబంధించినది.

మానవకణములో 46 క్రోమోసోములున్నవి. వాటి కొసలను టెలొమియరులందురు. పలుపుత్రాటి కొస పురి విడిపోకుండ రైతు ముడివేయును గదా! టెలొమియరు చేయు పని అట్టిదే. కణము చీలి రెండగునపుడెల్ల ఈ కొస కొంత తరుగును. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు మానవకణములను గాజుపాత్రలలో పెంచి, అవి సుమారు 50 మార్లు విభజన చెంది ఆగిపోవునని చూపిరి. కొస తరుగుటయే ఇందుకు ముఖ్యకారణమని తరువాత తేలినది.

తరిగిన కొసను తిరిగి పేనగల ఎంజైమును 1984లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్ ఒక చెరువునీటి ఏకకణజీవిలో కనుగొనిరి. అదియే టెలొమిరేజు. జాక్ షోస్టాక్‌తో పాటు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించినది. పెద్దవారి శరీరకణములలో అధికభాగమున ఈ ఎంజైము నిద్రాణమై యుండును. అది మనకు మేలే. అదుపుతప్పిన కణము కొంతకాలము చీలి, కొస అరిగి, తానే ఆగిపోవును.

కంతి ఈ కట్టును తెంచుకొనును. టెలొమిరేజునకు మూలమైన టెర్ట్ జన్యువు ముందుభాగమున ఒక్క అక్షరము మారిన చాలును, అది మేల్కొనును. ఈ మార్పు 2013లో మొదట మెలనోమా అను చర్మపు కాన్సరులోను, అదే ఏట మెదడు కంతులలోను కనబడినది. పెద్దవారికి వచ్చు గ్లయోబ్లాస్టోమాలలో అధికసంఖ్యాకములందు ఇది ఉన్నది. చికిత్సకు మెరుగుగా లొంగు ఆలిగోడెండ్రోగ్లయోమాలలోను దాదాపు అన్నిట ఉన్నది. కావున ఈ గుర్తును ఐడిహెచ్ మున్నగు ఇతర జన్యువుల మార్పులతో కలిపి చదువవలెను. 2021 నాటి ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణము ప్రకారము, పెద్దవారిలో వ్యాపించు స్వభావముగల ఆస్ట్రోసైటోమాలో ఐడిహెచ్ మార్పు లేక, టెర్ట్ మార్పు ఉన్నచో, అది సాధువుగా కనిపించినను నాలుగవ తరగతి గ్లయోబ్లాస్టోమాయే.

మరి ఈ ఎంజైమును అణచిన కంతి ఆగదా? ఇమెటెల్‌స్టాట్ అను మందు అట్టిదే. మెదడు కంతులు తిరుగబెట్టిన పిల్లలకు దానినిచ్చి పరీక్షింపగా, రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గి, కంతిలో రక్తస్రావమై ఇద్దరు మరణించిరి. పరీక్షను నిలిపివేసిరి. ఎముకల మజ్జలోని మూలకణములకును ఈ ఎంజైము అవసరమే. అదే మందుకు 2024లో అమెరికాలో ఒక రక్తవ్యాధి చికిత్సకై అనుమతి లభించినది. మెదడు కంతి విషయమున మరొక చిక్కున్నది. ఎంజైము ఆగినను కొసలు అరుగుటకు కాలము పట్టును. గ్లయోబ్లాస్టోమా రోగికి కరువైనది ఆ కాలమే.

కనుక నేటికి టెలొమిరేజు వలన రోగికి దక్కు మేలు, కంతి పేరు సరిగా తెలియుటయే. చికిత్స ఎంత తీవ్రముగా ఉండవలెనో నిర్ణయించుటకు ఆ పేరే మొదటి మెట్టు.