తేనెపెట్టెకు నులక మంచం కిటుకు

మూడేళ్ల కిందట, జులైలో ఒక శనివారం పొద్దున తేనెపెట్టె మూత తీసి మధ్యలోంచి ఒక ఫ్రేము పైకి లాగాను. బరువుగా వచ్చింది. పైభాగంలో తేనె, నడుమ పిల్లల గదులు. అడుగున గుడ్లు కనపడతాయేమోనని ఫ్రేమును ఎండకేసి కాస్త పడుకోబెట్టాను. అంతే. చట్రం నా చేతిలోనే ఉంది, పట్టు మాత్రం లేదు. మొత్తం ఊడి పెట్టెలో పడింది. తేనె కారిపోయి కింద ఉన్న ఈగలు అందులోనే మునిగిపోయాయి. మిగిలినవి ఒక్కసారిగా లేచాయి. చేతి తొడుగు మీంచే నాలుగు కుట్టాయి. పక్కనే నిలబడ్డ మా అబ్బాయి కారులోకి పరిగెత్తి అద్దాలు మూసుకున్నాడు.

పై వారం వెళ్లి చూస్తే ఆ పెట్టెలో కొత్త గుడ్డు ఒక్కటీ లేదు. పడిన పట్టు కింద రాణి ఈగ నలిగిపోయిందన్నమాట. కూలి ఈగలు లేత లార్వా నుంచి కొత్త రాణిని తయారు చేసుకోగలవు. గుడ్డు నుంచి రాణి బయటికి రావడానికి 16 రోజులు. అది ఎగిరి, జతకట్టి, గుడ్లు పెట్టేసరికి ఇంచుమించు నెల. టెక్సస్ ఎండల్లో, పూలు అయిపోయిన సమయంలో అంతకాలం ఆగే ధైర్యం లేక రాణిని కొని తెచ్చి పెట్టాను. ఈగలు దాన్ని ఒప్పుకున్నాయి కానీ గుంపు కోలుకోలేదు. ఆ ఏడు ఆ పెట్టెలోంచి ఒక్క చెంచా తేనె తీయలేదు.

మాది డాలస్‌కి ఉత్తరాన ఒక కాలనీ. పెరట్లో తేనెపెట్టెలకు మా కాలనీ నిబంధనలు ఒప్పుకోవు. మావారి సహోద్యోగి పొలం అంచున రెండు పెట్టెలు పెట్టుకున్నాం. ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు చాలామంది ఈ సరదాలోకి వస్తున్నారు. వాట్సాప్‌లో నన్నడిగే ప్రశ్నలన్నీ సూటు గురించి, కుట్టడం గురించి, పొగ డబ్బా గురించి. ఫ్రేములో తీగ గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

తప్పు ఎక్కడ జరిగింది

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెట్టెలో నిలువుగా వేలాడే చెక్క చట్రమే ఫ్రేము. దాని మధ్యలో పల్చటి మైనపు పలక బిగిస్తాం. దాన్ని ఫౌండేషన్ అంటారు. దాని మీద ఆరు మూలల గదుల గుర్తులు అచ్చుపోసి ఉంటాయి. ఈగలు ఆ గుర్తుల మీదే గోడలు లేపి పట్టు కడతాయి. అలా కడితేనే పట్టు తిన్నగా, చట్రంలోపలే వస్తుంది.

నేను చేసిన పొరపాటు చిన్నదే. చవకగా ఉన్నాయని మరీ పల్చటి పలకలు కొన్నాను. అవి తేనెను పట్టుతో సహా కోసుకుని తినడానికి చేసేవి. నోట్లోకి వెళ్లేది కాబట్టి వాటిలో తీగ ఉండదు. అలాంటి వాటిని, తొమ్మిది అంగుళాల పైచిలుకు ఎత్తుండే డీప్ ఫ్రేముల్లో, పై పట్టెకు మాత్రమే మేకులు కొట్టి వేలాడదీశాను. ‘ఈగలే కట్టుకుంటాయిలే’ అనుకున్నాను. కట్టుకున్నాయి కూడా. కాకపోతే పలక తన బరువుకే కిందికి సాగి మధ్యలో బొజ్జలా ముందుకొచ్చింది. పైవరస గదులు సాగి పెద్దవయ్యాయి. కూలి ఈగలు పెరగాల్సిన చోట మగ ఈగలు పెరిగాయి. రెండు ఫ్రేములైతే ఒకదానికొకటి అంటుకుపోయాయి.

లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. డీప్ ఫ్రేముకు వేసే మైనపు పలకలు పౌండుకు ఏడో ఎనిమిదో తూగుతాయి. అదే ఫ్రేము రెండువైపులా తేనెతో నిండితే ఆరు పౌండ్ల దాకా వస్తుంది. మైనం పూర్తిగా కరగాలంటే 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కానీ, మెత్తబడి జారడానికి అంత అక్కర్లేదు. పిల్లలున్న చోటును ఈగలు ఎప్పుడూ 34, 35 డిగ్రీల దగ్గరే ఉంచుతాయి. బయట ఫారెన్‌హీట్‌లో 100 దాటిన ఎండ. పైగా అది కొత్త పట్టు. పాతబడే కొద్దీ ఈగల గూళ్ల పొరలు పేరుకుని పట్టు గట్టిపడుతుంది, కొత్తదానికి ఆ బలం ఉండదు. అలాంటిదాన్ని నేను అడ్డంగా పడుకోబెట్టాను! పట్టును ఎప్పుడూ నిలువుగానే తిప్పి చూడాలని పుస్తకాల్లో చదివాను. చేతిలో ఫ్రేము ఉన్నప్పుడు గుర్తుకు రాలేదు.

నిజానికి ఈ తీగ అవసరం ఫ్రేముతోనే పుట్టింది కాదు. ఈగలు నడవడానికి ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల దాకా సందు వదిలితే వాటిని మైనంతో మూసేయవని గమనించి, పైకి తీసే ఫ్రేముల పెట్టెకు ఫిలడెల్ఫియాలో ఉండగా లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు పేటెంటు తీసుకున్నది 1852లో. మైనపు పలకను అచ్చువేయడం 1857లో జర్మనీలో మేరింగ్ మొదలుపెట్టారు. 1865లో హ్రుష్కా పట్టును గిర్రున తిప్పి తేనె తీసే యంత్రం చూపించారు. అక్కడి నుంచే పట్టుకు రెట్టింపు పరీక్ష. బరువు మోయాలి, గిర్రున తిరిగినా విరగకూడదు. ఒట్టి మైనం అన్నిసార్లూ ఆ పని చేయలేదు.

మావయ్యగారి చేయి పడింది

మరుసటి ఏడాది జనవరి చివర్లో మా మావయ్యగారు ఆరు నెలలుండడానికి వచ్చారు. తెనాలి దగ్గర పల్లె. పొద్దున్నే లేచి పొలం గట్టు తిరిగొచ్చే మనిషికి ఇక్కడ వీధిలో పలకరించేవాళ్లు లేరు. రెండో వారానికే టీవీ కట్టేసి గరాజ్‌లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. అప్పుడు నేను అక్కడ వీడియో చూసుకుంటూ ఫ్రేములకు తీగ కడుతున్నాను.

ఒక ఫ్రేము తీసుకుని తీగ మీటి చూశారు. ‘‘ఇది వదులమ్మాయ్’’ అన్నారు.

‘‘లాగితే చాలా గట్టిగానే ఉంది కదండీ మావయ్యగారూ.’’

‘‘ఇప్పుడుంటుంది. బరువు పడనీ. మంచానికి నులక ఇట్లా కడితే మర్నాటికి మనిషి నడుం నేలకు తగులుద్ది.’’

వాళ్లింట్లో నులక మంచాలన్నీ ఆయనే అల్లేవారట. ఆ తర్వాత నాలుగు నెలలు గరాజ్‌లో నేను సహాయకురాలిని. ఆయన చెప్పిన పద్ధతిని, ఇక్కడి తేనెటీగల సంఘంలో పెద్దవాళ్లు చూపించిన పద్ధతిని కలిపి ఇప్పుడు మేం చేసేది ఇది.

ముందు చట్రమే గట్టిగా ఉండాలి. చట్రం వదులైతే తీగ ఎంత బిగించినా దండగ. పట్టెలు కలిసే ప్రతి చోటా చెక్క జిగురు రాసి, పైన నాలుగు, కింద నాలుగు మేకులు కొడతాం. వీటికి తోడు పక్క పట్టెలోంచి పై పట్టె చెవి కిందికి అడ్డంగా ఒక్కో మేకు. చాలామంది ఈ చివరిది మానేస్తారు. ఈగలు పెట్టిన బంక వల్ల ఫ్రేము అంటుకుపోయినప్పుడు ఇనుప పనిముట్టుతో లేపితే పై పట్టె ఒక్కటే ఊడి చేతికొస్తుంది. దాన్ని ఆపేది ఈ మేకే.

డీప్ ఫ్రేముకు పక్క పట్టెల్లో నాలుగేసి చిల్లులుంటాయి. తీగ నేరుగా చిల్లులోంచి పోతే మెత్తటి పైన్ చెక్కను కోసుకుంటూ లోపలికి దిగి, నాలుగు రోజులకే వదులవుతుంది. నా మొదటి తీగల జబ్బు అదే. చిల్లుల్లో చిన్న ఇత్తడి ఐలెట్లు, బూటు తాడు కన్నాల్లో ఉండే లాంటివి, దించాలి. వంద ఐలెట్ల ఖరీదు చూసి వెనకాడొద్దు.

ఒక డీప్ ఫ్రేముకు దాదాపు ఏడు అడుగుల తీగ పడుతుంది. పక్క పట్టె అంచున రెండు చిన్న మేకులు సగం దించి ఉంచుకోవాలి. తీగను పై చిల్లులోంచి మొదలుపెట్టి అటూ ఇటూ నాలుగు వరసలు తీసి, చివరను ఒక మేకుకు చుట్టి మేకును పూర్తిగా దించేయాలి. ఇక రెండో కొస నుంచి బిగించుకుంటూ రావాలి. నేను చివరి కొస పట్టుకుని ఒక్కసారే లాగేదాన్ని. మావయ్యగారు ఒక్కో వరసను వేలితో నొక్కి, వచ్చిన వదులును పక్క వరసలోకి పంపి, దాన్ని నొక్కి, అలా చివరిదాకా తెస్తారు. నులక బిగించేదీ ఇట్లాగే. మరో కిటుకు కూడా ఆయనదే. తీగ కట్టే ముందు రెండు పక్క పట్టెలనూ క్లాంపుతో కొంచెం లోపలికి నొక్కి ఉంచుతారు. కట్టాక క్లాంపు తీస్తే పట్టెలు వెనక్కి వెళ్లి తీగను అవే లాగుతాయి. మీటితే తంబురలా మోగాలి. మోజు ఎక్కువై ఇంకా లాగితే పక్క పట్టెలు లోపలికి వంగి ఫ్రేము పెట్టెలో సరిగా కూర్చోదు. మొదటి వారంలో ఆరు ఫ్రేములు అలా పాడు చేశాం. ఆయన ఒప్పుకోరు, నాలుగే అంటారు.

తర్వాత మైనపు పలక. చలిలో పలక పెంకులా విరుగుతుంది కాబట్టి ముందురోజే ఇంట్లోకి తెచ్చి పెట్టుకుంటాం. ఫ్రేములోపల పట్టే సైజు చెక్క మీద పలక పరిచి, దానిమీద తీగలున్న ఫ్రేము ఉంచి, తీగ రెండు కొసలకూ 12 వోల్టుల కరెంటు తాకిస్తాం. తీగ వేడెక్కి మైనంలోకి దిగుతుంది. కొద్ది సెకన్ల పని, తీగ రకాన్ని బట్టి మారుతుంది. ఒక్క క్షణం ఎక్కువైతే తీగ మైనాన్ని నాలుగు ముక్కలుగా కోసేస్తుంది. అంకెలు లెక్కపెట్టే ఉద్యోగం మా అబ్బాయిది. కొత్తరకం స్మార్ట్ చార్జర్లు బ్యాటరీ తగిలిస్తే తప్ప కరెంటు ఇవ్వవు, దీనికి పనికిరావు. గోడ ప్లగ్గు కరెంటు మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. కరెంటు వద్దనుకుంటే పళ్లున్న చిన్న చక్రాన్ని వేడి చేసి తీగ మీద నడిపినా దిగుతుంది. పలక అడుగున కొంచెం ఖాళీ వదలాలి. వేడికి మైనం పెరిగితే చోటుండాలి, లేకపోతే అలలా వంగుతుంది.

నిలువు తీగలు ముందే పోసిన పలకలు కూడా దొరుకుతాయి. వాటి కొక్కేలను పై పట్టె చీలికలో నొక్కి పెడతారు. డీప్ ఫ్రేములకు వాటితో పాటు అడ్డ తీగలు ఉంటేనే నాకు ధైర్యం. చేపల గాలం దారం వాడేవాళ్లూ ఉన్నారు, దాన్ని కరెంటుతో మైనంలోకి దించడం కుదరదు.

‘ఇంత గొడవెందుకు, ప్లాస్టిక్ పలక పెట్టుకోవచ్చుగా’ అని మీరు అడగొచ్చు. పెట్టుకోవచ్చు. ఒకటో రెండో పెట్టెలు, వారాంతం మాత్రమే తీరిక ఉన్నవాళ్లకు నేనూ అదే చెబుతాను. పైన మైనం బాగా పూసినది కొనండి, పూత తక్కువైతే ఈగలు దానిమీద కట్టడానికి బద్ధకిస్తాయి. నాకు మాత్రం పట్టు పాతబడ్డాక మొత్తం కోసి కరిగించుకునే మైనపు పలకలే నచ్చుతాయి.

జూన్ చివర్లో సంఘం వాళ్ల చేతి యంత్రం అరువు తెచ్చి తేనె తీశాం. అందులో పట్టు ఒకవైపే బయటికి తిరిగి ఉంటుంది. ఒక వైపు సగం తేనె తీసి, ఫ్రేము తిప్పి రెండోవైపు పూర్తిగా తీసి, మళ్లీ మొదటి వైపుకు రావాలి. మొదటిసారే పూర్తిగా తిప్పితే లోపలి వైపు బరువు పట్టును బయటికి నెట్టి విరిచేస్తుంది. 18 ఫ్రేముల్లో ఒక్కటే చిట్లింది. దాని పై పట్టె మీద పెన్సిలుతో రాసిన తేదీ చూశాం. నేను ఒక్కదాన్నే కట్టిన రోజు.

మావయ్యగారు జులైలో వెళ్లిపోయారు. వెళ్లేముందు తీగ బిగించిన 40 ఫ్రేములు గరాజ్‌లో ఒక మూల పేర్చి, మైనం మాత్రం పెట్టలేదు. ముందే పెడితే ఎండకు వంగిపోతుందని. ఆదివారం వీడియో కాల్‌లో మనవడి చదువు అడిగాక ఫోను గరాజ్‌లోకి తెమ్మంటారు. కెమెరా ముందు నేను పై ఫ్రేము తీగ మీటాలి, ఆయన అవతలి నుంచి వినాలి. పోయిన వారం రెండు వదులయ్యాయన్నారు. విప్పి మళ్లీ కట్టాను.