తెరమీది బొమ్మ, తెరవెనుక చేయి



మన భాషలో "బొమ్మ" యను మాట మిక్కిలి విశాలమైనది. పిల్లవాడు చేతపట్టుకొని తిరుగు కొయ్యగుఱ్ఱము బొమ్మ. పండుగనాడు ఇంట కొలువు తీర్చునది బొమ్మ. గోడమీద వ్రాసినది బొమ్మ. సినిమాహాలు వాకిట నిలిచి "బొమ్మ పడినదా?" యని యడుగుట మీరు వినియే యుందురు. వీనికన్నిటికి ఒక్కటే మాట యుండుట వింత కాదు. ఇవి యన్నియు దగ్గఱి చుట్టములు. ఆ చుట్టరికమును గూర్చి నేడు ముచ్చటింతము.

మీ మనుమలు సెల్‌ఫోనులో చూచు బొమ్మల సినిమా ఎట్లు కదలును? నిజమునకు అందలి బొమ్మ కదలదు. చేయి కొంచెము లేచినట్లు ఒక చిత్రము, మఱికొంచెము లేచినట్లు మఱియొక చిత్రము, ఇట్లు వరుసగా సిద్ధపఱచి సెకనునకు 24 చొప్పున తెరమీద చూపుదురు. అంత వేగముగా పోవువానిని మన చూపు విడదీసి పట్టజాలదు. కావున చేయి లేచినట్లే తోచును. గంటన్నర సినిమాకు ఈ లెక్కను 1,29,600 చిత్రములు కావలెను. పూర్వము వీనిని చేతితో గీసెడివారు. నేడు చాలవఱకు కంప్యూటరు సాయమున చేయుచున్నారు.

ఇట్టి సినిమా తొలిదినములలో జర్మనీ దేశమున లోట్టే రైనిగర్ అను వనిత యుండెను. ఆమె నల్లని కాగితమును మనుష్యుల ఆకారముగ కత్తిరించి, కీళ్లకడ తీగెతో కూర్చి, క్రిందినుండి వెలుగు వచ్చు గాజుపలకపై పఱచి, ఇసుమంత జరుపుచు ఒక్కొక్క ఫోటో తీసెను. 1923 మొదలు 1926 వఱకు శ్రమించి రాకుమారుడు అఖ్మద్ కథను పూర్తిచేసెను. నేటికి నిలిచియున్న పూర్తినిడివి బొమ్మల సినిమాలలో అదియే మొదటిది.

కీళ్లున్న బొమ్మ, వెనుక వెలుగు, ముందు తెర! ఈ వర్ణన వినగానే పెద్దలగు మీకు మన తోలుబొమ్మ గుర్తునకు రాకమానదు. మేకతోలును కాంతి చొచ్చునంత పలుచగా గీకి, నగలకు కిరీటమునకు చిన్నచిన్న రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు వేసి, భుజములు, మోచేతులు, నడుము కదలునట్లు కుట్టుదురు. మన ఆంధ్రదేశపు బొమ్మలు ఇంచుమించు మనిషియెత్తు కూడ నుండును. తెరవెనుక పూర్వము ఆముదపు దీపములు వెలిగెడివి. తరువాత విద్యుద్దీపములు వచ్చినవి. బొమ్మను ఆడించువాడే పాడును, మాటలాడును, యుద్ధము వచ్చినపుడు క్రింది చెక్కబల్లలను కాలితో తొక్కి చప్పుడు చేయును. ప్రక్కన హార్మోనియము, మృదంగము, తాళములు మ్రోగును. రంగనాథ రామాయణపు ద్విపదలు ఆ తెరవెనుకనుండియే, చదువురానివారి చెవికిని సోకినవి. పాలకురికి సోమనాథుడు 13వ శతాబ్దిలోనే పండితారాధ్య చరిత్రమున ఈ యాటను ప్రస్తావించెను. సంగీతముతో, హాస్యముతో, ఇంటిల్లిపాదియు కలిసి చూచు బొమ్మల కథ మనకు క్రొత్త కాదనుట కింతకన్న నిదర్శన మేల?

రైనిగర్ బొమ్మకును మన బొమ్మకును భేద మొక్కటి. ఆమె బొమ్మ ఒక్కమాఱు ఫోటోలోనికి ఎక్కినచో ఎన్నటికి మాఱదు. మన బొమ్మ ప్రతిరాత్రి క్రొత్తగా పుట్టును. ఆ యూరి సంగతి ఏదో తెలిసికొని కేతిగాడును బంగారక్కయు దానిమీద విసరు ఛలోక్తి మఱియొక యూర వినబడదు. అది చేతిలోని విద్య. చేయి పోయిన విద్యయు పోవును.

ఇక నొక కొయ్యబొమ్మ కథ. డెన్మార్కు దేశమున థామస్ డామ్ అను కట్టెలు కొట్టువాడు తన కుమార్తెకు కానుకగా విరబోసిన జుట్టుగల వింతబొమ్మను చెక్కెనని చెప్పుదురు. 1959లో అతడు వానిని అమ్మకమునకు చేయనారంభించెను. అవి అమెరికాలో వెఱ్ఱిగా అమ్ముడుపోయినవి. కాని 1965లో అచ్చటి న్యాయస్థానము అతని హక్కు చెల్లదనెను. ఎల్లరును నకలు బొమ్మలు చేసికొనిరి. 1994లో వచ్చిన చట్టమువలన ఆ హక్కు మరల డామ్ సంస్థకు దక్కినది. చిన్ననాడు ఆ బొమ్మలతో నాడినవారు పెద్దవారై, తమ బిడ్డలను వెంటబెట్టుకొని చూచునట్లు, 2016లో "ట్రోల్స్" అను పాటల బొమ్మల సినిమా వెలువడినది.

మనవారును ఇట్టి ప్రయత్నము చేయకపోలేదు. 1957 నాటి "మాయాబజారు"నకు కె.వి. రెడ్డి కడ సహాయకుడుగా పనిచేసిన సింగీతము శ్రీనివాసరావు, 2008లో ఘటోత్కచుని కథను బొమ్మల సినిమాగా తీసెను. శశిరేఖా పరిణయము నాటకమునుండి సినిమాకు, సినిమానుండి బొమ్మల సినిమాకు నడచినది.

మఱి మన తోలుబొమ్మ హక్కు మాట యేమి? 1999 నాటి చట్టముక్రింద ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. వేఱొకచోట చేసిన సరుకును ఈ పేర అమ్మరాదు. మంచిదే. అయితే ఆ చట్టము సరుకును కాచును గాని యాటను కాచదు. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. అది మన యందఱకును గౌరవము. కాని ఆ యూరిలోనే పెక్కుచేతులు నేడు దీపపుబుడ్లకు తోలుమూతలును గోడకు తగిలించు పటములును చేయుచున్నవి. ఏలన, వానిని కొనువారున్నారు. ఆటకు పిలుచువారు తక్కువ. బొమ్మ గోడనెక్కినది, కథ మూగవోయినది.

ఇచ్చట మన గుంటూరు, ప్రకాశము సీమల పెద్దల పని యున్నది. వాన రానిచో విరాటపర్వము చదివించిన పల్లెలు మనవి. ప్రత్తి తీతలు ముగిసి, కల్లములలో మిరప ఎండి, నాలుగు డబ్బులు చేతనాడునాటికి శివరాత్రియు శ్రీరామనవమియు వచ్చును. కోటప్పకొండ ప్రభలకు వేలకొలది రూపాయలు చందా వేసికొను ఊళ్లకు ఒక రాత్రి బొమ్మలాట భారము కాదు. పిలిచినపుడు మూడు సంగతులు మఱవకుడు. తెరచుట్టు వీధిదీపములు ఆర్పింపుడు. చీకటి లేనిదే బొమ్మ వెలుగదు. మైకు మోత తగ్గింపుడు. ఆట ముగిసినపిదప పిల్లలను తెరవెనుకకు తీసికొనిపోయి, కీళ్లెట్లు కదలునో, ఆడించువారి చేతులెట్లు తిరుగునో చూపింపుడు.

సెల్‌ఫోనులోని బొమ్మను పిల్లలు చూడకుండ ఆపవలెనని నేను చెప్పుటలేదు. దాని తాతను కూడ వారికి చూపుడని మాత్రమే కోరుచున్నాను. చూపగలవారు ఇంకను ఉన్నారు, పిలువవలసినవారు మీరు.