మీకు తెలుసా? పైపులు చేసిన ఊరు, పైపే అక్కర్లేని సీమ

● పాలకొల్లు అనగానే క్షీరారామం గుర్తొస్తుంది, కొబ్బరి గుర్తొస్తుంది. 17వ శతాబ్దంలో ఇదే ఊళ్ళో డచ్చి ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. మన నేతబట్టలు, అద్దకం బట్టలు ఇక్కడే కొని ఓడలకెక్కించేవారు. 1824లో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది ఈ స్థావరం ఇంగ్లీషువారి చేతికి పోయింది. పక్కనే నరసాపురంలో వలంధర రేవు నేటికీ ఆ డచ్చివారి పేరుతోనే ఉంది.

● ఆ డచ్చివారి దేశంలో గౌడా అనే ఊరుంది. ఇప్పుడు చీజుకు పేరుపడ్డ ఈ ఊరు అప్పట్లో పొగతాగే మట్టి పైపులకు పుట్టిల్లు. ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్ళు అక్కడ ఈ పని మొదలుపెడితే, 1660 నాటికి పైపులవాళ్ళకు సొంత వృత్తి సంఘమే ఏర్పడింది. పని తీరు చూడండి. తెల్లమట్టిని ఒక కొస లావుగా, మిగతాది పుల్లలా సన్నగా వచ్చేట్టు చేత్తో రుద్దుతారు. కాస్త ఆరాక దాని పొడవునా సన్నని తీగ దూర్చి పొగదారి తీస్తారు. తీగ అలా ఉండగానే రెండు చెక్కల లోహపు అచ్చులో బిగించి, లావు కొసను బొడిపెతో నొక్కి గిన్నెలా తొలుస్తారు. ఆనక అంచులు నునుపు చేసి, గిన్నె అడుగున తమ గుర్తు ముద్రించి ఆవంలో కాలుస్తారు. కిరీటమో, చేపో, అంకెలో, ఎవరి ముద్ర వారిదే. ఒకరి ముద్ర ఇంకొకరు వాడితే సంఘం ఊరుకునేది కాదు.

● మట్టి పైపు చవక, ఇట్టే విరిగిపోతుంది. చరిత్రకారులకు అదే మేలైంది. కాలం గడిచేకొద్దీ పైపు గొట్టంలోని రంధ్రం సన్నబడుతూ వచ్చిందని 1954లో హారింగ్టన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు గమనించాడు. అప్పట్నుంచి ఇంగ్లీషు పైపు ముక్కల రంధ్రాలు కొలిచి పాత స్థలాల వయసు అంచనా కట్టడం మొదలైంది.

● బటావియాకు, అంటే నేటి జకార్తాకు, బయల్దేరిన డచ్చి ఓడ వెర్గుల్డె డ్రాక్ 1656లో ఆస్ట్రేలియా పడమటి తీరంలో మునిగింది. దాని శిథిలాల్లో మట్టి పైపులు దొరికాయి. మన తీరం బట్టలు చేరిందీ ఆ బటావియాకే కాబట్టి అలాంటి పైపులు ఇక్కడికీ వచ్చి ఉండొచ్చు. పాలకొల్లులో పాత కట్టడాల దగ్గర పునాదులు తవ్వేటప్పుడు తెల్లని సన్నని మట్టిగొట్టం ముక్క కనబడితే దయచేసి పారేయకండి. పురావస్తు శాఖవారికి చూపించండి.

● పైపు కొనలేనివాళ్ళ సంగతి? 1670 ప్రాంతంలో కోరమాండల్ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు రాసిపెట్టాడు. ఇక్కడి పేదలు ఆకునే చుట్టగా చుట్టి, ఒక కొస వెలిగించి, రెండో కొస పెదాల మధ్య పెట్టుకుని, పెదవికి వేడి తగిలేదాకా పీల్చి పారేస్తారట. ఆకే పైపు, ఆకే పొగాకు! ఆయనకు అది మోటుగా తోచింది. అయినా ఇదే అసలు పద్ధతి అయ్యుంటుందని ఒప్పుకున్నాడు. నాకైతే ఆ మాట గొప్పగా తోస్తుంది.

● ఆ చుట్టకు పేరు తెచ్చింది గోదావరి లంకలు. వరద తీశాక మిగిలిన ఒండ్రులో చలికాలం పంటగా వేసేవారు. మొక్క తల తుంచి, పిలకలు గిల్లేస్తే బలమంతా ఆకుకే పడుతుంది. కోసిన ఆకును తాళ్ళకు గుచ్చి పందిళ్ళ కింద ఆరగట్టి, తర్వాత గుట్టలుగా పేర్చి మాగబెడతారు. లోపల వేడి పుడుతుంది కాబట్టి గుట్టను తిరగేసి మళ్ళీ పేర్చాలి. నల్లగా, ఘాటుగా తేలుతుంది ఆకు. చుట్ట చుట్టేటప్పుడు ఈనె తీసి, తడిచేత్తో ఆకు సాగదీసి, లోపల ముక్కలాకు పెట్టి బిగువుగా చుడతారు. బిగువు తప్పితే పొగ లాగదు.

● ఈ లంక చుట్ట షెర్లాక్ హోమ్స్ దాకా వెళ్ళింది! 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో, హంతకుడు ఇండియా ‘లంకా’ తాగేవాడని బూడిదను బట్టి తేలితే వెతకాల్సిన పరిధి తగ్గుతుందని హోమ్స్ అంటాడు. ఆ లంకా మన గోదావరి లంకే.

● కాకినాడ రేవు నుంచి లంక పొగాకు బర్మాకు పోయేది. రంగూన్, మౌల్మీన్ చుట్టల్లో మన ఆకు ఉండేది. పొగాకు మీద పరిశోధనకు 1947లో రాజమండ్రిలోనే కేంద్ర సంస్థ వెలిసింది.

● ఇక చెప్పక తప్పనిది. ఉత్తరాంధ్రలో చాలామంది ఆడవాళ్ళు నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అక్కడి 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యులు అంతకుముందు నుంచే చెబుతున్నారు. మీ ఇంట్లో పెద్దమ్మో, నాయనమ్మో అడ్డపొగ తాగుతుంటే కోప్పడకుండా ఒకసారి నోరు తెరిపించి చూడండి. అంగిలి మీద తెల్లమచ్చో, మానని పుండో ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. పొగాకు మానాలనుకునేవారికి సాయపడే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.