శ్వాస లెక్క, మాట తీరు: నర్సుకు ఇంటివారు చెప్పవలసినవి

ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగి ఆసుపత్రికి చేరగానే నర్సు చేసే పరీక్షకు ఒక వరుస ఉన్నది. మొదట గొంతు దారి తెరచి ఉన్నదా అని చూస్తారు. తరువాత శ్వాస, ఆపై రక్తప్రసరణ, పిమ్మట స్పృహ, చివరకు ఒళ్లంతా. లోపం కనబడిన చోటనే దానిని సరిదిద్ది ముందుకు సాగుతారు. గొంతులో గురగుర వినిపిస్తున్న రోగికి దారి తెరవకుండా బి.పి. చూడబూనడం వరుస తప్పడమే.

వీటిలో తరచుగా ఉపేక్షకు గురయ్యేది శ్వాసల లెక్క. దానికి యంత్రం అక్కరలేదు, గడియారం చాలు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒంట్లో తీవ్రమైన అంటువ్యాధి ప్రబలినప్పుడు కణజాలానికి రక్తం చాలక ఆమ్లం పేరుకుంటుంది; దానిని వెలుపలికి నెట్టడానికి ఊపిరితిత్తులు వేగం పెంచుతాయి. బి.పి. ఇంకా బాగానే కనబడవచ్చు, వేలికి తగిలించే ఆక్సీమీటరు కూడా మంచి అంకెనే చూపవచ్చు. శ్వాస మాత్రం అప్పటికే పెరిగి ఉంటుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో వెలువరించి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో శ్వాస 25 లేదా అంతకు మించితే ఆ ఒక్క అంశానికే గరిష్ఠంగా 3 పాయింట్లు పడతాయి. 8 లేదా అంతకు తగ్గినా అంతే. మొత్తం 7కు చేరితే అత్యవసర స్థితి.

ఈ లెక్క ఇంటివారూ చూడవచ్చు. రోగికి చెప్పకుండా, పొట్ట లేదా ఛాతీ లేచిపడడాన్ని నిండు నిమిషం గమనించాలి. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. దగ్గుతో బాధపడే పసివారికి హద్దులు వేరు: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. అంతకు చేరినా, డొక్కలు లోపలికి లాగుతున్నా వైద్యునికి చూపించడంలో జాగు కూడదు.

ఇక స్పృహ. 2017 సవరణలో కొత్తగా కలిగిన మతిభ్రమకు కూడా 3 పాయింట్లు చేర్చారు. సరిహద్దు కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే. హోసూరులోనో, బళ్లారిలోనో, రాయగడలోనో, సిరోంచలోనో తెలుగు తప్ప మరొకటి రాని అవ్వను నర్సు తన భాషలో ప్రశ్నిస్తుంది. అవ్వ పొంతన లేకుండా ఏదో గొణిగితే భాష తెలియక అనుకుని వదలివేసే ప్రమాదం ఉన్నది. (యానాం వారికి ఈ ఇబ్బంది లేదు.) ‘‘నిన్నటిదాకా మనుమల పేర్లన్నీ చెప్పేది, ఈ ఉదయం నుండి నన్నే గుర్తుపట్టడం లేదు’’ అని అక్కడి భాషలో చెప్పగలిగేది వెంట ఉన్న మనిషే. ఆ మాటతో చికిత్స దారే మారవచ్చు. పెద్దవయసు కదా అని కొట్టివేయడం మన ఇళ్లలో పరిపాటి. వృద్ధులలో జ్వరం లేకుండానే అంటువ్యాధి ముదిరి, మొదట మతి తప్పడంగానే బయటపడవచ్చు.

మధుమేహానికి మందు వాడేవారు తికమకగా మాట్లాడితే రక్తంలో చక్కెర పడిపోయిందేమోనని నర్సు వేలి కొస గుచ్చి చూస్తుంది. 70 మిల్లీగ్రాములకు తగ్గితే చక్కెర ఇవ్వాలి. అయితే మగతలో ఉన్నవారి నోట్లో పానకం గానీ, మంచినీళ్లు గానీ పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి జారతాయి. దెబ్బ తగలని రోగి అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టడం మేలు.

ఏళ్ల తరబడి బీడీలు కాల్చి ఆయాసంతో మందులు వాడుతున్నవారి సంగతి కూడా ముందుగా చెప్పాలి. అటువంటి వారిలో కొందరికి ఆక్సిజన్ 88 నుండి 92 శాతం మధ్య ఉండేలా మాత్రమే ఇస్తారు. మోతాదు మించితే బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకుపోతే ఇవన్నీ వివరించే శ్రమ తగ్గుతుంది.

108 సంఖ్య మనవైపు రాష్ట్రాలన్నిటా ఒకటే. అయితే సరిహద్దు పల్లెల్లో సెల్‌ఫోను పొరుగు రాష్ట్రపు టవరును అందుకోవడం కద్దు. అందుచేత ఫోను ఎత్తగానే మొదట రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఊరు చెప్పి, ఆ తరువాతనే రోగి వయస్సు, నిమిషానికి ఎన్ని శ్వాసలు, పిలిస్తే పలుకుతున్నాడా లేదా అన్నవి చెప్పాలి.