కార్పు చేపల ప్రేరిత ప్రజననంలో హార్మోన్ల పాత్ర

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప పొలాల నడుమనున్న చెరువులలో పెరిగే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు పక్వదశకు వచ్చినా ఆ నిలువ నీటిలో గుడ్లు పెట్టవు. నదిలో వరద నీరు పారినప్పుడే ఇవి సహజంగా గుడ్లు విడుస్తాయి. అందుచేత పూర్వం చేపపిల్లలను నదులలో పట్టి తేవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి పీయూష గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి కార్పు చేపలచేత గుడ్లు పెట్టించారు. నేడు ఆ తేదీనే జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు.

చేప శరీరంలో ఈ ప్రక్రియ రెండు దశలుగా సాగుతుంది. మొదటి దశలో పీయూష గ్రంథి ప్రేరణతో అండాశయం ఎస్ట్రడయోల్‌ను ఉత్పత్తి చేస్తుంది. దాని ప్రభావంతో కాలేయం విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేయగా, అది రక్తం ద్వారా గుడ్లలో చేరి సొనగా నిలువ ఉంటుంది. దీనికి నెలలు పడుతుంది. రెండవ దశ కొన్ని గంటలదే. హైపోథాలమస్ నుండి విడుదలయ్యే హార్మోన్ పీయూష గ్రంథిని ప్రేరేపించగా ల్యూటినైజింగ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగి, గుడ్డు తుది పక్వతకు వచ్చి విడుదలవుతుంది. చెరువు చేపలో ఆగిపోయేది ఈ రెండవ దశే. అక్కడ డోపమైన్ అడ్డుపడుతుంది.

పీయూష గ్రంథి సారాన్ని వాడేటప్పుడు ఆడచేపకు కిలో బరువుకు మొదట 2–3 మి.గ్రా., ఆరు గంటల తరువాత 5–8 మి.గ్రా. ఇస్తారు. ఓవాప్రిమ్ వంటి మందులలో విడుదల హార్మోన్‌ను పోలిన పదార్థంతోపాటు, డోపమైన్‌ను నిరోధించే డోమ్‌పెరిడోన్ కూడా ఉంటుంది. కనుక ఆడచేపకు కిలోకు 0.3–0.5 మి.లీ. చొప్పున ఒక్క ఇంజెక్షన్ సరిపోతుంది.

హేచరీలో గుడ్లు రానప్పుడు రైతు ముందుగా మందునే అనుమానిస్తాడు, మోతాదు పెంచుతాడు. నీరు, పోషకాలు చాలని మిరప తోటలో పూత నిలవాలని ప్లానోఫిక్స్ మళ్లీ మళ్లీ పిచికారీ చేయడం వంటిదే ఇది. హార్మోన్ సంకేతం మాత్రమే. వేసవిలో మేత చాలక గుడ్డులో చేరని సొనను ఇంజెక్షన్ తెచ్చిపెట్టలేదు. ఇంజెక్షన్‌కు ముందు సన్నని గొట్టంతో కొన్ని గుడ్లు తీసి, తేటపరచే ద్రావణంలో ఉంచి చూడాలి. కేంద్రకం మధ్య నుండి అంచు వైపు జరిగిన గుడ్లు ఎక్కువగా ఉంటేనే ఆ చేప సిద్ధమైనట్లు. కేంద్రకం ఇంకా మధ్యలోనే ఉంటే తిరిగి చెరువులో వదలడమే మేలు. పొట్ట ఉబ్బును మాత్రమే చూసి ఎంపిక చేయడం చాలదు.

ఈ మైదానాలలో మరొక జాగ్రత్త కూడా అవసరం. పత్తి, మిరప పైర్లపై చల్లే సైపర్‌మెత్రిన్ వంటి పైరిథ్రాయిడ్లు లీటరు నీటికి కొన్ని మైక్రోగ్రాముల స్థాయిలోనే చేపలకు ప్రాణాంతకం. అందువల్ల తల్లి చేపల చెరువును పొలాల మురుగు కాలువ చేరని మెరకలో తవ్వి, గట్టు ఎత్తుగా వేయాలి. పైర్లపై పిచికారీ చేసే రోజులలో కాలువ తూము మూసి ఉంచాలి.