దీవులలో విద్యుత్ ప్రణాళిక - వినియోగదారుని స్థానం

విద్యుత్తును ఏ ఇంధనంతో తయారు చేయాలి? దానికి ఎంత ఖర్చు పెట్టవచ్చు? ఆ ఖర్చును ఎవరు భరించాలి? ఇవి ఇంజనీర్లు, అధికారులు మాత్రమే తేల్చవలసిన విషయాలని సాధారణంగా అనుకుంటాం. కాని చట్టం వీటిలో వినియోగదారునికి కూడా మాట చెప్పే హక్కు కల్పించింది. ఆ హక్కు ఎలా పనిచేస్తుందో అండమాన్ నికోబార్ దీవుల ఉదాహరణతో తెలుసుకుందాం. ఉత్తరాంధ్ర నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడ ఉన్నాయి.

దీవుల ప్రత్యేకత

మన రాష్ట్రాలలో ఒకచోట విద్యుత్ కొరత ఏర్పడితే జాతీయ గ్రిడ్ ద్వారా మరొకచోటి నుండి తెచ్చుకోవచ్చు. చెన్నైకి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవులకు ఆ అవకాశం లేదు. దీవులన్నిటినీ కలిపే గ్రిడ్ కూడా లేదు. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, దక్షిణ అండమాన్‌లో సౌర విద్యుత్ కేంద్రాలు ఉన్నప్పటికీ, ప్రధాన ఆధారం ఓడలలో వచ్చే డీజిలే.

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్లకు సమానమైన ఉష్ణశక్తి ఉంటుంది. జనరేటరు అందులో మూడో వంతుకు కొంచెం పైగా మాత్రమే విద్యుత్తుగా మార్చగలదు. అంటే లీటరుకు 3.5 నుండి 4 యూనిట్లు. అందువల్లనే సరఫరా ఖర్చు వినియోగదారుడు చెల్లించే ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. ఆ తేడాను ప్రభుత్వం బడ్జెట్ నుండి భరిస్తుంది.

సబ్సిడీ పొందేవారికి ప్రశ్నించే హక్కు ఎక్కడిదని కొందరు అడగవచ్చు. సబ్సిడీ కూడా ప్రజల సొమ్మే. పైగా, ఇంధనం అందకపోయినా, యంత్రం చెడిపోయినా చీకటిలో ఉండవలసింది వినియోగదారుడే.

చట్టం ఏమి చెబుతుంది?

విద్యుత్ చట్టం, 2003 ప్రకారం ధరలను నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. అండమాన్ నికోబార్ దీవులు, గోవా రాష్ట్రానికీ కొన్ని కేంద్రపాలిత ప్రాంతాలకూ ఏర్పాటైన సంయుక్త విద్యుత్ నియంత్రణ మండలి పరిధిలోకి వస్తాయి. దీని కార్యాలయం గురుగ్రామ్‌లో ఉంది.

64వ సెక్షన్ ప్రకారం టారిఫ్ ప్రతిపాదనను ప్రకటించాలి. ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించిన తరువాతే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. 87వ సెక్షన్ కింద 21 మందికి మించని సలహా సంఘంలో వినియోగదారులకు కూడా ప్రాతినిధ్యం ఉండాలి. వినియోగదారుల తరఫున వాదించడానికి తగిన వ్యక్తిని నియమించే అధికారాన్ని 94వ సెక్షన్ మండలికి ఇచ్చింది. మండలి తన ఉత్తర్వులలో ప్రజల అభ్యంతరాన్ని, దానికి విద్యుత్ శాఖ జవాబును, తన అభిప్రాయాన్ని వరుసగా ముద్రిస్తుంది.

ఒక చిన్న లెక్క

ఒక దీవిలో ఇళ్ళకు 80 యూనిట్లు అందాలనుకుందాం. సరఫరాలో 20 శాతం నష్టమైతే 100 యూనిట్లు ఉత్పత్తి చేయాలి. లీటరుకు 4 యూనిట్ల చొప్పున 25 లీటర్ల డీజిల్ కావాలి. నష్టాన్ని 10 శాతానికి తగ్గిస్తే సుమారు 89 యూనిట్లు, అంటే 22 లీటర్లకు కొంచెం పైగా సరిపోతుంది. "కొత్త జనరేటరు కొనే ముందు తీగల నష్టాన్ని ఎందుకు తగ్గించలేదు?" అని విచారణలో అడగడానికి ఈ పాటి లెక్క చాలు.

హక్కుకు, ఆచరణకు మధ్య

బహిరంగ విచారణ సాధారణంగా పోర్ట్ బ్లెయిర్‌లో జరుగుతుంది. 2024లో ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుండి అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. ప్రతిపాదనలు వందల పుటల పట్టికలతో, ఇంగ్లీషులో ఉంటాయి. దూరపు దీవి మాట వినిపించకపోతే దాని ఇబ్బంది మొత్తం దీవుల సగటు లెక్కలో కలిసిపోతుంది. లిఖితపూర్వక అభ్యంతరాలు, స్థానిక భాషలలో సారాంశాలు, గణాంకాలు చదవగల వినియోగదారుల సంఘాలు ఈ లోటును కొంతవరకు తీర్చగలవు.

ఆంధ్రప్రదేశ్‌లో 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినప్పటి నుండి రైతు సంఘాలు, వినియోగదారుల సంఘాలు విచారణలలో అంకెలతో వాదిస్తూ వచ్చాయి. మీ ప్రాంతపు టారిఫ్ ఉత్తర్వును ఒకసారి సంపాదించండి. అందులో సరఫరా నష్టం ఎంతో చూసి, దానిపై ప్రజలు ఏమడిగారో, ఏ జవాబు వచ్చిందో పరిశీలించండి. అడగవలసిన ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే, వచ్చే విచారణలో దానిని మీరే అడగవచ్చు.